ముదీర్ గారి డిపెండెంట్

దుబాయ్‌లో ఇన్‌కమ్ టాక్స్ పని చేశానంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. "అక్కడ టాక్సే లేదు కదండీ" అంటారు. నిజమే, లేదు. నెల్లూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర గుమాస్తాగా చేరి, రైసుమిల్లుల వాళ్ళ రిటర్నులు రాసి రాసి విసుగెత్తి, ఈ గొడవే లేని దేశం ఒకటుందని విని విమానం ఎక్కినవాణ్ణి నేను. తీరా అక్కడ దిగి కాస్త కుదురుకునేసరికి టాక్స్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అదీ మన టాక్స్ కాదు, అమెరికా వాళ్ళది.

ఎనభైల్లో సంగతి ఇది. చమురు బావులు తవ్వే యంత్రాలు బాగుచేసే కంపెనీలో నేను అకౌంట్స్ అసిస్టెంటుని. వర్క్‌షాపు, గోడౌను, ఆఫీసు అన్నీ అల్ ఖూజ్‌లోనే. అప్పట్లో అల్ ఖూజ్ అంటే ఇసుక, రేకుల షెడ్లు, వాటి మధ్య కంపెనీ బస్సులు లేపే దుమ్ము. మా ఆఫీసు ఒక పోర్టా కేబిన్, అంటే లారీలో తెచ్చి దింపే రేకుల గది. ఏసీ ఆగిందంటే పెద్దాచిన్నా తేడా లేకుండా అందరం బయటికొచ్చి గోడౌను నీడలో నిలబడేవాళ్ళం.

కంపెనీలో కొద్దిమంది అమెరికన్లు ఉండేవారు. వాళ్ళకో విచిత్రమైన చట్టం. ప్రపంచంలో ఏ మూల సంపాదించినా సొంత సర్కారుకి లెక్క చెప్పుకోవాలి. అంతకుముందు ఆ కాగితాలన్నీ హెడ్డాఫీసులో ఎవరో చూసేవారట. ఖర్చు తగ్గించుకుందామని ఆ పని ఎక్కడివాళ్ళు అక్కడే చేసుకోండని పంపేశారు. మా చీఫ్ అకౌంటెంటు హైదరాబాదు పాతబస్తీ మనిషి. తెల్లగడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ఎప్పుడూ తొందరపడని మాట. అందరం ఆయన్ని 'సాబ్' అనేవాళ్ళం. ఆయన ఆ కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"క్యా మియా, నెల్లూర్ల ఇదే పని చేసినవ్ కద?"

"అది మన ఇండియా టాక్సు సాబ్."

"టాక్స్ టాక్సే మియా. వసూల్ చేసెటోడు ఏడున్నా ఒక్కతీర్గనే ఉంటడు. తీస్కో."

అలా తగులుకుంది. కాన్సులేట్‌కి వెళ్తే సూచనల పుస్తకాలు ఇచ్చేవారు. అవి చదువుతూ, అర్థం కానిచోట పెన్సిలుతో గీత గీసుకుంటూ, మొదటి ఏడు ఎలాగో ఈదాను. ఆ ఏడే ఒక అమెరికన్ మెకానిక్‌ని మీ కుటుంబంలో ఎవరెవరున్నారని అడిగాను. భార్య పేరు చెప్పి, తర్వాత ఇంకో పేరు చెప్పి, "మా అబ్బాయి, బంగారం లాంటివాడు" అన్నాడు. కొడుకు అని రాసి, ఏం చదువుతున్నాడని అడిగాను. ఆయన కాసేపు నన్నే చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అది వాళ్ళ కుక్క పేరు. ఆ తర్వాత చాలాకాలం ఆయన నేను కనిపించినప్పుడల్లా చిన్నగా మొరిగి వెళ్ళేవాడు. అప్పట్నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా, ముందు మనిషో కాదో కనుక్కోకుండా నేను కలం కదపలేదు.

ఇక అసలు కథ మా మేనేజరుది. కూలీ నుంచి సూపర్‌వైజర్ దాకా అందరూ ఆయన్ని అరబ్బీ మాటలోనే 'ముదీర్' అనేవాళ్ళు. మనిషి తలుపు పట్టనంత. గొంతు లేత్ మిషన్ల చప్పుడుని కూడా మింగేసేది. కదలండని "యల్లా" అంటూ ఒక్క కేక వేస్తే గోడౌను అవతల ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు కూడా ఉలిక్కిపడేవాడు. మంచివాడే. కానీ ఆ మంచితనం కూడా అరుపులాగే బయటికొచ్చేది.

భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు. అమెరికాలో ఆయన ఇంట్లోనే, ఆయన అక్కగారు ఆ పిల్లని పెంచారు. ఈయన అక్కడో బావి, ఇక్కడో బావి అని గల్ఫ్ అంతా తిరిగి, చివరికి దుబాయ్‌లో స్థిరపడ్డాడు. వేసవి సెలవుల్లో అమ్మాయి వచ్చి వెళ్ళేది.

టాక్స్ కాగితంలో డిపెండెంట్లు అని ఒక గడి ఉంటుంది. అంటే మన మీద ఆధారపడి బతికేవాళ్ళు. వాళ్ళని చూపిస్తే పన్ను కొంత తగ్గుతుంది. కాలేజీలో చదివే పిల్లల్ని కూడా చూపించుకోవచ్చు. ప్రతి ఏడూ ఆ గడి దగ్గరికి రాగానే ముదీర్ కుర్చీ ముందుకు లాక్కుని, కూతురి పేరు అక్షరం అక్షరం పలికి రాయించేవాడు. నాకు ఆ పేరు వచ్చని ఆయనకీ తెలుసు. అయినా అదొక వేడుక. నేను రాసింది వేలితో తడిమి చూసి, "గుడ్" అని లేచి వెళ్ళేవాడు.

నేను చెప్పబోయే ఏడాదికి ఆ చట్టం మారింది. అంతకుముందు తండ్రి కూతుర్ని చూపించుకున్నా, కూతురు ఏదో చిన్న ఉద్యోగం చేసుకుంటూ తన లెక్కలో తనని తాను కూడా చూపించుకోవచ్చు. ఇప్పుడలా కుదరదు. ఒక మనిషి ఒక్క లెక్కలోనే ఉండాలి. ఈ ముక్క మేనేజర్ గారికి ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే, ఒకరోజు ఆయనే కేబిన్ అదిరేలా తలుపు తోసుకుని వచ్చాడు. అమెరికా నుంచి ఫోన్ వచ్చిందట.

"నా కూతురు తనని నా కింద రాయొద్దంటోంది."

"ఎందుకు సార్?"

"తను ఎవరి మీదా ఆధారపడలేదంట. తన లెక్క తనే వేసుకుంటుందంట. నేను రాశానంటే నా జీతం చూసి కాలేజీ వాళ్ళు సాయం ఇవ్వరంట." ఆయన ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. "సాయం ఎందుకు? నేను లేనా? నేను చచ్చానా?"

నేను సర్దిచెబుదామని, "సార్, బయటి దేశంలో ఉన్నవాళ్ళకి ఎలాగూ రాయితీ ఉంది. ఈ గడి వల్ల మీకు మిగిలేది పెద్దగా ఏమీ లేదు. వదిలేసినా నష్టం లేదు" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నేను డబ్బు సంగతి అడిగానా? ఈ కాగితమంతా నేనెంత సంపాదించానో చెబుతుంది. నేనొకరికి తండ్రినని చెప్పే గడి ఇదొక్కటే."

నేను పుస్తకం తెరిచాను. అందులో ఉన్న షరతు చదివి వినిపించాను. పిల్ల ఏడాది మొత్తం బతకడానికి అయిన ఖర్చులో సగానికి పైగా తండ్రి పెట్టి ఉండాలి. అప్పుడే డిపెండెంట్.

"సగమేంటి, మొత్తం నేనే!" అని బల్ల చరిచాడు. "కిందటి వేసవిలో గొడవపడ్డాం. పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, అది మానేసి చెవిటి పిల్లలకి పాఠాలు చెప్పే చదువులో చేరతానంది. వద్దన్నాను. వినలేదు. వెళ్ళి కాలేజీ మారిపోయింది. అయినా ఒక్క నెల కూడా డబ్బు పంపడం ఆపలేదు. తెలుసా?"

అమ్మాయి సెలవులకి రాబోతోందని, వచ్చాక తనని కూడా అడిగి రాద్దామని చెప్పాను. బయటి దేశంలో ఉండేవాళ్ళకి గడువు ఇంకా ఉంది. "అడుగు. నా ఎదురుగానే అడుగు" అని లేచాడు.

ఆ సాయంత్రం బర్ దుబాయ్‌లోని మా గదికి కంపెనీ పికప్‌లో వెళ్తున్నాను. నడిపేది జగిత్యాల వైపు పల్లెటూరి ఆయన. వయసులో నాకంటే పెద్ద, నన్ను మాత్రం సార్ అనేవాడు. ముదీర్ కారు కూడా ఆయనే నడిపేవాడు. మధ్యాహ్నం కేకలు బయటిదాకా వినపడ్డాయి కాబట్టి విషయం చెప్పాను.

"ఓ, గదా!" అన్నాడు. "పోయిన ఎండకాలం ఎయిర్‌పోర్ట్ తొవ్వల మస్తు లొల్లి అయింది సార్. నేను ముందటనే ఉన్న. నాకు ఇంగ్లిష్ రాదు గని, లొల్లి సమజ్ గానీకి ఇంగ్లిష్ ఎందుకు? ఆమె ఏడ్సుకుంటనే దిగింది. ఈయన సూట్‌కేసు లోపటిదాక మోసిండు. ఇద్దరు మాట్లాడుకోలె."

"ఇప్పుడు అమ్మాయిని పోషించింది ఎవరో తేల్చాలంటున్నారు" అన్నాను.

ఆయనకీ ఒక కూతురుంది. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వాళ్ళ ఊళ్ళో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అని ఎవరు దొరికినా చెప్పేవాడు.

"పైసలు పంపుడే పోషించుడైతే, సార్, బ్యాంకుల కూసున్నాయన సుత తండ్రే అయితడు గద" అని నవ్వాడు. నవ్వాడు గానీ, క్రీక్ ఒడ్డున నన్ను దింపాక బండి వెంటనే కదపలేదు.

ముదీర్ గారి అమ్మాయి వచ్చింది. ఒక గురువారం, ఒంటిపూట ఆఫీసు రోజు, వర్క్‌షాపు ఖాళీ అయ్యాక తండ్రీకూతుళ్ళని డ్రైవరే తీసుకొచ్చాడు. తండ్రి గడ్డమే ఆ పిల్లదీ, ముందుకి పొడుచుకొచ్చి, తగ్గేది లేదన్నట్టు. మిగతాదంతా తల్లి పోలికేమో. సన్నగా, జుట్టు వెనక్కి కట్టుకుని, కాన్వాసు బూట్లతో ఉంది. అందరికీ చేయి కలిపింది. సాబ్‌కి మాత్రం సలాం చేసింది. ఆయన మురిసిపోయారు.

నా బల్లకి అటు తండ్రి, ఇటు కూతురు కూర్చున్నారు. విడాకుల కోర్టులో గుమాస్తాలా మధ్యలో నేను. సాబ్ తన బల్ల దగ్గర ఏదో ఫైలు తెరిచి పెట్టుకున్నారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

పుస్తకం వరస ప్రకారం మొదలుపెట్టాను. "కిందటి ఏడాది తిండి ఖర్చు ఎవరు పెట్టారు?"

"నేను" అన్నాడు తండ్రి.

"మే నెల దాకా డాడీయే" అంది అమ్మాయి. "కాలేజీకి నేరుగా కట్టేశాడు. సెప్టెంబర్ నుంచి క్యాంటీన్లో గిన్నెలు కడుగుతున్నాను. పని చేసే పూట భోజనం ఉచితం."

"గిన్నెలా?" ముదీర్ గొంతు లేచింది. "నువ్వు గిన్నెలు కడగడమేంటి? మరి నెలనెలా నేను పంపేది ఏం చేస్తున్నావు?"

అమ్మాయి నా బల్ల మీద ఉన్న స్టాప్లర్‌ని చూస్తూ చెప్పింది. "బ్యాంకులోనే ఉంది. నేను ముట్టుకోలేదు."

పంపిన డబ్బు ఖర్చయితేనే పోషణ కింద లెక్క, దాచుకుంటే కాదు అని పుస్తకంలో ఉంది. ఆ వాక్యం నా వేలి కిందే ఉంది. చదవబుద్ధి కాలేదు. అవసరం కూడా రాలేదు, ఆ పిల్ల ఆ రూలు ముందే చదువుకుని వచ్చింది.

"ఎందుకు ముట్టుకోలేదు?" అన్నాడు తండ్రి. ఈసారి గొంతు లేవలేదు.

"నువ్వే అన్నావుగా డాడీ. నా డబ్బు తింటున్నంత కాలం నా మాట వినాలి అని. వినదలుచుకోలేదు. అందుకే తినలేదు."

ముదీర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. బయట చూడ్డానికేముంది, ఇసుక, ఒక పాత క్రేను. అమ్మాయి కళ్ళు నిండాయి. గెలిచిన మొహంలా లేదది.

సరిగ్గా అప్పుడే మా డ్రైవర్ కెఫెటీరియా నుంచి చాయ్ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చాడు. గదిలో గాలి చూసి గుమ్మంలోనే ఆగి, "ఏమైంది సార్?" అని మెల్లగా అడిగాడు. నేను రెండు ముక్కల్లో తెలుగులో చెప్పాను.

"అరె" అన్నాడు. "పంపినయి పంపినట్టే ఉన్నయా?" ఆయన మొహం తనకే జరిగినట్టు అయిపోయింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

నాకు పుస్తకం మూసేద్దామనిపించింది. ఇవాళ్టికి ఖలాస్, ఇంకో రోజు చూద్దాం అనబోయాను. సాబ్ తల ఎత్తకుండానే, వాళ్ళకి తెలియకూడదని తెలుగులో అన్నారు.

"ఆపకు మియా. ఇప్పుడు ఆపితే ఇద్దరు ఇంటికి పోయి రెండు కమ్రాలల్ల కూసుంటరు. ఇంకో సవాల్ అడుగు."

అడిగాను. "ఉండే చోటు? గది అద్దె?"

సెప్టెంబర్ నుంచి హాస్టలు గది, దానికి తన పేరు మీద అప్పు తీసుకున్నానని చెప్పింది అమ్మాయి. గదిలో ముగ్గురు.

"ముగ్గురా?" కిటికీ దగ్గర్నుంచే అడిగాడు తండ్రి.

"ముగ్గురు. ఒకమ్మాయి నిద్రలో పాడుతుంది."

"హీటర్ ఉందా?"

"ఉంది. తన్నితే పనిచేస్తుంది."

"ఏ కంపెనీది?" అన్నాడు వెనక్కి తిరిగి. ఒకప్పటి మెకానిక్ కదా. ఆ పిల్ల చెప్పింది. ఆయన వచ్చి కూర్చుని, దాని లోపల ఏ స్క్రూ వదులవుతుందో, ఎలా బిగించాలో నా పెన్సిలు తీసుకుని నా కాగితం మీదే బొమ్మ గీశాడు. నేను ఊరుకున్నాను. తర్వాత బట్టల సంగతి అడిగాను. చలికోటు ఎవరు కొన్నారన్న ప్రశ్న నాది. అక్కడ మంచు ఎంత పడుతుంది, కాలేజీ ఎంత దూరం, ఎలా వెళ్తావు అన్నవి మాత్రం ఆయనవే. చెవిటి పిల్లల బడికి వారంలో కొన్ని రోజులు వెళ్తానని, అక్కడొక కుర్రాడు ఈమె పేరుకి సొంతంగా ఒక సైగ కనిపెట్టాడని ఆ పిల్ల చేత్తో చేసి చూపించింది. గడ్డం ముందుకి పెట్టి, దాన్ని వేలితో తట్టడం. ముదీర్ ఆ సైగ చూసి, తన గడ్డం తడుముకుని, మొదటిసారి నవ్వాడు.

ఆ తర్వాతే వ్యవహారం తలకిందులైంది. వైద్యం ఖర్చు దగ్గరికి వచ్చాం. "ఏమీ లేదు, సున్నా రాయి" అన్నాడు తండ్రి.

"సున్నా ఎలా అవుతుంది?" అంది కూతురు. "ఇన్సూరెన్సు డాడీదే. కిందటి ఏడు జ్ఞానదంతం తీయించుకుంటే బిల్లు ఆయనే కట్టాడు." నాకు నోరు తెరిచి చూపించింది కూడా.

"అది చిన్న పన్ను" అన్నాడాయన.

"చిన్నది కాదు. రాయండి" అంది నాతో. "సెలవుల్లో అక్కడ అత్త దగ్గర నేనున్న ఇల్లు కూడా ఆయనదే. అది కూడా లెక్కలోకి రావాలి కదా?"

"వస్తుందమ్మా. అద్దెకిస్తే ఎంత వచ్చేదో అంత ఆయన పెట్టినట్టే."

"ఆ ఇల్లు నేనెవరికీ అద్దెకివ్వను. దాని మీద పైసా రాదు. సున్నా" అన్నాడు ముదీర్.

"అద్దెకి ఇస్తావా లేదా అని కాదు డాడీ రూలు!"

ఆ రోజు మొత్తం నేనే అని బల్ల చరిచిన మనిషి ఇప్పుడు ఒక్కొక్కటీ కొట్టేయమంటాడు. నన్ను రాయొద్దని సముద్రాలు దాటి వచ్చిన పిల్ల ఒక్కొక్కటీ రాయమంటుంది. నా ఇరేజరు అరిగిపోతోంది. చివరికి సాబ్ ఫైలు మూసి, కుర్చీ ఇటు తిప్పి, ఇంగ్లిషులో మర్యాదగా అడిగారు.

"బేటీ, నువ్వు ఈ కేసు గెలవడానికి వచ్చావా, ఓడిపోవడానికి వచ్చావా?"

ఆ పిల్ల ఆలోచించి, "వచ్చినప్పుడు తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు" అంది. ముదీర్ నవ్వు మళ్ళీ గోడౌను దాకా వినిపించింది. గోడకి ఆనుకున్న మా డ్రైవర్‌కి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, మా అందరికంటే ముందు ఆయనే తోడు నవ్వేశాడు.

నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు వేశాను. తండ్రి పెట్టినదొక పక్క, పిల్ల తన కష్టంతో, తన అప్పుతో పెట్టుకున్నది, మేనత్త పెట్టింది మరోపక్క. కాలేజీ వాళ్ళు పిల్లకిచ్చిన స్కాలర్‌షిప్ ఎవరి ఖాతాలోకీ రాదని పుస్తకంలోనే ఉంది. కూడి చూస్తే తండ్రి వాటా సగానికి కొద్దిగా తక్కువైంది. మళ్ళీ కూడి చూశాను. అంతే వచ్చింది.

"ఎంత తక్కువ?" అన్నాడు ముదీర్.

"కొంచెమే సార్."

"ఒక జత బూట్ల ఖరీదంత ఉంటుందా?"

"ఉంటుందేమో సార్."

"ఈ బూట్లు ఆయనే కొన్నాడు!" అని అమ్మాయి కాలు ఎత్తి చూపించింది.

"ఎప్పుడమ్మా?"

"మొన్న. నైఫ్ బజార్లో."

"అయితే అవి వచ్చే ఏటి లెక్కలోకి వస్తాయి" అన్నాను. ఇద్దరూ నన్ను చూసిన తీరుకి, నేనే ఏదో పాపం చేసినట్టయింది.

ముదీర్ కలం తీసుకున్నాడు. ఆ ఏడు ఆ గడి ఖాళీగానే ఉంది. ఎప్పుడూ వేలితో తడిమే చోట ఒకసారి వేలు పెట్టి, కింద సంతకం చేశాడు. కూతురి వైపు చూసి, "బ్యాంకులో ఉన్నది ఉండనీ. దానికిక షరతులేమీ లేవు" అన్నాడు. "ఏం చదివినా సరే. కానీ హీటర్‌ని తన్నొద్దు, స్క్రూ బిగించు."

ఆ పిల్ల లేచి వెళ్ళి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. మేం ముగ్గురం వేరువేరు దిక్కుల్లో చూశాం. తర్వాత సాబ్ అందరినీ బర్ దుబాయ్‌లో తనకి తెలిసిన హోటలుకి తీసుకెళ్ళి బిర్యానీ తినిపించారు. అమ్మాయి చేత్తో తినడం మా డ్రైవర్ దగ్గర నేర్చుకుంది.

ఉద్యోగాల్లో కొత్తగా చేరే పిల్లలు నన్ను సలహా అడిగితే నేను పెద్దగా చెప్పేదేమీ ఉండదు. లెక్క సరిగ్గా వేయండి, మనుషులు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆపకండి, అంతే. రెండోది నాకు సాబ్ నేర్పింది.

ఆ అమ్మాయి చదువు పూర్తి చేసి, చెవిటి పిల్లల బడిలో టీచరైంది. ముదీర్ ఆ వేసవి అంతా కూతురి దగ్గర సైగల భాష నేర్చుకున్నాడు. దాని ఫలితం మేం అనుభవించాం. లేత్ మిషన్ల చప్పుడులో కేకలు వేయడం మానేసి, దూరం నుంచి చేతులు తిప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఎవరికీ అర్థం కాక, పిలిస్తే పారిపోయేవాళ్ళు, పొమ్మంటే దగ్గరికొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి వర్క్‌షాపు అంతటికీ ఆ భాష వచ్చేసింది. జగిత్యాల మనిషి, పంజాబీ మనిషి, మలయాళీ మనిషి హిందీ అవసరం లేకుండా చేతులతో ముచ్చట్లాడుకునేవాళ్ళు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ గురువారం కాదు, మర్నాటి శుక్రవారం. పొద్దున్నే మా గది తలుపు చప్పుడైంది. తీస్తే మా డ్రైవర్. చంకలో టేప్ రికార్డరు, జేబులో కొత్త క్యాసెట్టు. అప్పట్లో ఫోనుకి ఖర్చెక్కువ. మాటలు క్యాసెట్లో నింపి, ఊరికి పోయేవాళ్ళ చేత పంపేవాళ్ళం.

"సార్, నిన్న ఆ పోరిని అడిగిన సవాళ్లు ఉన్నయి గద. ఒక్కపారి తెలుగుల చెప్పుండ్రి. మా బిడ్డను అడుగుత."

మంచం మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాను. తిండి ఖర్చు ఎవరు పెడుతున్నారన్న దగ్గర ఆపాడు. "అది నేనే గద సార్. అది వద్దు. ఏం తింటున్నవ్ అని అడుగుత." గది ప్రశ్న కూడా అలాగే మార్చాడు. ఎందరున్నరు, కిటికీ ఉన్నదా, దోమలున్నయా. వైద్యం ప్రశ్న దగ్గర, పానం బాగలేనప్పుడు ఎవ్వలు చూస్తరు అని చేర్చాడు. బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, సర్కారు కచేరీలో మాట్లాడుతున్నట్టు నిటారుగా కూర్చుని అన్నీ అడిగాడు. మధ్యలో రెండుసార్లు ఆపి, నీళ్ళు తాగాడు. మా గదిలో నిద్రపోతున్న మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి, దుప్పటి కప్పుకునే వింటూ ఉండిపోయారు.

జవాబు క్యాసెట్టు చాలా రోజులకి వచ్చింది. ఇద్దరం కలిసే విన్నాం. ఆ పిల్ల గొంతు గలగలా ఉంది. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుందని, గదిలో ఆరుగురని, కిటికీ ఉంది గానీ దానికి తలుపు లేదని, జ్వరమొస్తే పక్క మంచం పిల్ల కాలేజీ మానేసి దగ్గర కూర్చుందని అన్నీ వరసగా చెప్పింది. ఆయన ప్రతిదానికీ టేప్ రికార్డరుకేసి తల ఊపుతూనే ఉన్నాడు. అయిపోయిందనుకుని ఆపబోతుంటే మళ్ళీ గొంతు వినిపించింది.

"నేను అన్ని చెప్పిన గద బాపూ. ఇగ నేనడుగుత, నువ్వు చెప్పాలె. నువ్వేం తింటున్నవ్? ఏడ పంటున్నవ్? నీ గదిల ఎందరున్నరు?"

ఆయన బటన్ మీద వేలు అలాగే ఉంచి కూర్చుండిపోయాడు. తర్వాత లేచి, చెప్పులేసుకుని, ఇంకో క్యాసెట్టు కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళాడు.